ఫ్రాంకెన్‌స్టైన్‌లో తప్పు ఎవరి ఖాతాలో పడాలి: ఒక పట్టిక డైరీ

పని ఇది. మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశామని చెప్పుకున్నారు, అందులో పుట్టుక పాలెంత, పెంపకం పాలెంత, సొంత నిర్ణయం పాలెంత అన్నది ఒక్కో పనికి ఒక్కో వరుస చొప్పున పట్టికలో ఎక్కించడం. పఠన బృందాలూ ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులూ ఇలాంటిదే చేయాలనుకుంటే, ఎక్కడ ఇరుక్కుంటారో ముందే తెలియాలని ఈ డైరీ. కథ రెండు ముక్కల్లో: విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు అవయవాలు కూర్చి ఒక ప్రాణిని తయారుచేసి, భయపడి వదిలేస్తాడు. ఆ ప్రాణి చివరికి విక్టర్ ఆప్తులను చంపుతుంది.

కావలసినవి:

- 1818 పాఠం, 1831 పాఠం, వేర్వేరు ఫైళ్లుగా. రెండూ ఉచితంగా దొరుకుతాయి.
- ఏదైనా స్ప్రెడ్‌షీట్.
- రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే ప్రోగ్రాం.
- పెన్సిలు గీతలు పెట్టుకోవడానికి ఒక అచ్చు ప్రతి.

## దశ 1: ఏ పాఠం చేతిలో ఉంది?

నవల మొదట 1818 జనవరి 1న, రచయిత పేరు లేకుండా, మూడు సంపుటాలుగా 500 ప్రతులు వచ్చింది. 1831లో మేరీ షెల్లీ స్వయంగా మార్పులు చేసి ఒకే సంపుటంగా వేయించారు. దొరికే ప్రతుల్లో చాలావాటి మీద ఇది ఏ సంవత్సరపు పాఠమో ఉండదు. ఆ సంగతి తేల్చకుండా పట్టిక మొదలుపెడితే సగం వరుసలు తర్వాత చెరిపేయాల్సి వస్తుంది, ఎందుకంటే పుట్టుకా పెంపకమా అన్న ప్రశ్న మీదనే ఆమె ఎక్కువ చెయ్యి చేసుకున్నారు.

1. అధ్యాయాల అంకెలు చూడండి. 1 నుంచి 24 దాకా వరసగా ఉంటే 1831. మధ్యలో రెండుసార్లు మళ్లీ 1 దగ్గర మొదలైతే 1818 (7, 9, 7 అధ్యాయాలు).
2. విక్టర్ ఇంట్లో పెరిగి అతన్నే పెళ్లాడిన ఎలిజబెత్ ఎవరో చూడండి. విక్టర్ మేనత్త కూతురైతే 1818. కోమో సరస్సు దగ్గర ఒక పేద రైతు ఇంట్లో దొరికిన అనాథైతే 1831.
3. పీఠికను బట్టి తేల్చవద్దు. 1831 పీఠికను 1818 పాఠానికి అనుబంధంగా చేర్చిన ముద్రణలు ఉన్నాయి.

తేడాలు చూపించే ప్రోగ్రాంకు రెండు ఫైళ్లనూ అలాగే ఇస్తే పేజీ నిండా ఎరుపే కనిపిస్తుంది. కారణాలు రెండు: పంక్తులు వేర్వేరు చోట్ల విరగడం, అధ్యాయం అంకెలు జరగడం. ఒక్కో పేరాను ఒకే పంక్తిగా కలపాలి. తర్వాత 1831లోని 1, 2 అధ్యాయాలను ఒకటిగా చేసి 1818 మొదటి సంపుటంలోని 1వ అధ్యాయంతో పోల్చాలి. అక్కడి నుంచి మిగతావన్నీ జతలుగా కుదురుతాయి: 1831లో 3వది 1818లో మొదటి సంపుటం 2వది, 9వది రెండో సంపుటం 1వది, 18వది మూడో సంపుటం 1వది.

ఈ డైరీలో బ్రాకెట్లలోని అధ్యాయం అంకెలన్నీ 1831వే. పట్టికలో మాత్రం రెండు అంకెలకూ చోటు ఉంచండి.

## దశ 2: రెండు కాలమ్‌ల పట్టిక ఎందుకు నిలవలేదు

మొదటి పట్టికలో కాలమ్‌లు రెండే: పుట్టుక, పెంపకం. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. ముందుగా ప్రాణి చేసిన పనులు ఎక్కించాం. (పేరు కాలమ్‌లో ‘ప్రాణి’ అనే రాయండి. దయ్యం, పిశాచి, రాక్షసుడు అన్నవి విక్టర్ తిట్లు. అవి పట్టికలో చేరితే విచారణకు ముందే తీర్పు ఇచ్చినట్టవుతుంది.)

1. తాను దాక్కుని చూస్తున్న డి లేసీ కుటుంబం పేదదని తెలిశాక వాళ్ల తిండి దొంగిలించడం మానేశాడు (12)
2. రాత్రిళ్లు వాళ్లకు కట్టెలు కొట్టి తెచ్చాడు (12)
3. వాళ్ల దారిలో మంచు తొలగించాడు (12)
4. ఆ ఇంటి కొడుకు ఫీలిక్స్ కర్రతో బాదినా తిరిగి కొట్టలేదు (15)
5. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిన ఇంటిని తగలబెట్టాడు (16)
6. ఏట్లో కొట్టుకుపోతున్న అమ్మాయిని కాపాడాడు (16)
7. విక్టర్ చిన్న తమ్ముడు విలియంను చంపాడు (16)
8. విక్టర్ ఇంట్లో ఉండే జస్టీన్ నిద్రపోతుంటే, విలియం దగ్గరి పతకం ఆమె బట్టల్లో దాచి నేరం ఆమె మీదికి తోశాడు (16)
9. విక్టర్ స్నేహితుడు క్లెర్వల్‌ను చంపాడు (21)
10. ఎలిజబెత్‌ను చంపాడు (23)

ఇప్పటికి మొత్తం: 10 వరుసలు. మేలు 4, నిగ్రహం 1, హాని 5.

మార్కులు వేయబోతే మొదటి కాలమే మొరాయించింది. తల్లిదండ్రులు లేని వాడికి ‘పుట్టుక’ అని ఏం రాయాలి? అతని ఎత్తు ఎనిమిది అడుగులు. అది వంశం నుంచి వచ్చింది కాదు. అవయవాలు చిన్నవైతే పని నెమ్మదిస్తుందని విక్టర్ పెద్ద కొలతలు తీసుకున్నాడు (4). చూసినవాళ్లందరూ హడలిపోయే ఆ ఆకారం, తయారుచేసినవాడి తొందర నుంచి పుట్టింది. ముఖం సంగతీ అంతే: అందంగా ఉంటాయని ఏరి కూర్చిన అవయవాలే, ప్రాణం రాగానే పసుపు చర్మం, నల్లని పెదవులు, నీళ్ల కళ్లు అయ్యాయి (5). ప్రాణికి ప్రకృతి అనుకుంటున్నది మరొకడి నిర్ణయం.

అందుకని కాలమ్ పేరు మార్చాం: ‘తన చేతిలో లేనిది’. పక్కనే చిన్న గడి: ‘అది ఎవరి చేతిలో ఉంది?’ ఈ చిన్న గడి వల్ల ప్రాణి వరుసల్లోంచి విక్టర్ పేరు పదే పదే బయటికి వచ్చింది. మార్కులు తీసేశాం. రెండుకీ ఒకటికీ తేడా ఏమిటని అడిగితే ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఇంకో చిక్కు సినిమా నుంచి వచ్చింది. 1931 నాటి హాలీవుడ్ చిత్రంలో సహాయకుడు మంచి మెదడును జారవిడిచి నేరస్తుడి మెదడు తెస్తాడు. నవలలో సహాయకుడే లేడు, చెడ్డ మెదడు ప్రస్తావనే లేదు. అయినా చదివేవాళ్లలో చాలామంది ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అన్న వైపుకు ముందే మొగ్గి ఉంటారు, ఆ మొగ్గు సినిమా నుంచి వచ్చిందని వాళ్లకు గుర్తుండదు. మందు ఒక్కటే: అధ్యాయం అంకె లేకుండా ఏ కారణమూ పట్టికలో ఎక్కకూడదు.

## దశ 3: పెంపకాన్ని రెండుగా చీల్చడం

ప్రాణికి పెంపకమే లేదు కాబట్టి చెడిపోయాడు అని రాస్తే 12 నుంచి 15 దాకా అధ్యాయాలు అడ్డం తిరుగుతాయి. డి లేసీ ఇంటి గోడ సందులోంచి చూస్తూ మాట నేర్చాడు, చదువు నేర్చాడు. ఫీలిక్స్ తన ప్రేయసి సఫీకి వోల్నీ రాసిన చరిత్ర పుస్తకం చెబుతుంటే తానూ విన్నాడు. అడవిలో దొరికిన పెట్టెలో మిల్టన్ కావ్యం, ప్లూటార్క్ జీవిత చరిత్రలు, గేథే ‘వెర్థర్’ చదివాడు. ఇంత చదువు విక్టర్ తమ్ముళ్లకు కూడా ఉందని నవల చెప్పదు. లేనిదల్లా దగ్గరికి తీసుకునే చెయ్యి.

అందుకే రెండు కాలమ్‌లు: ఆదరణ, చదువు. ఈ చీలికతో మిగతా పాత్రలు కూడా పోలికకు పనికొచ్చాయి.

- విక్టర్: ఆదరణ నిండుగా. చదువుకు దారి చూపినవాళ్లు లేరు. పాతకాలపు మంత్రవిద్యల రచయిత అగ్రిప్ప పుస్తకం చేతిలో చూసి తండ్రి ‘చెత్త’ అని ఒక్క మాటతో కొట్టేశాడు. అది ఎందుకు పాతబడిందో వివరించి ఉంటే ఆ పుస్తకాన్ని పక్కన పడేసేవాణ్ణని విక్టరే అంటాడు (2).
- జస్టీన్: కన్నతల్లికే గిట్టని పిల్ల. పన్నెండేళ్లకు విక్టర్ తల్లి తన ఇంటికి తెచ్చుకుంది (6). మనిషి మెత్తన, నమ్మకస్తురాలు.
- సఫీ: తండ్రి మాట తప్పినవాడు, తల్లి స్వతంత్రంగా ఆలోచించమని నేర్పింది. కూతురు తల్లి దారి పట్టింది (14).
- ఫీలిక్స్: మంచి ఇల్లు, మంచి చదువు. అన్యాయంగా శిక్ష పడిన మనిషిని జైలు నుంచి తప్పించి, సొంత కుటుంబాన్ని పేదరికంలోకి దించాడు (14). అంత ధర్మం తెలిసినవాడే ప్రాణిని కర్రతో కొట్టాడు.
- వాల్టన్ (విక్టర్ కథ విని అక్కకు ఉత్తరాలుగా రాసిన ఓడ నాయకుడు): అక్క ప్రేమ ఉంది. పద్నాలుగేళ్లు వచ్చేదాకా థామస్ అనే బంధువు తాలూకు సముద్రయానాల పుస్తకాలు తప్ప వేరే చదువు లేదు (2వ ఉత్తరం).
- ఎలిజబెత్: 1831 పాఠం వల్ల ఈమె గడి ఖాళీగా ఉంచాం. దశ 7 చూడండి.

విక్టర్ పనులు దశ 6లో విడిగా వస్తాయి కాబట్టి అతన్ని ఇక్కడ లెక్కలో వేయలేదు.

ఇప్పటికి మొత్తం: 15 వరుసలు (ప్రాణి 10, పోలిక పాత్రలు 5).

ఈ కాలమ్‌లకు మూలం మేరీ షెల్లీ ఇంట్లోనే ఉంది. ఆమె తండ్రి విలియం గాడ్విన్ 1793లో వెలువరించిన రాజకీయ న్యాయ గ్రంథంలో, మనుషుల స్వభావాలు బయటి పరిస్థితుల నుంచి పుడతాయని వాదించాడు. 1818 నవల అంకితం ఆయనకే. మనసు తెల్లకాగితం లాంటిదన్న జాన్ లాక్ గ్రంథాన్ని ఆమె ఈ నవల రాస్తున్న రోజుల్లోనే చదివింది. 11వ అధ్యాయంలో ప్రాణి వెలుగు, ఆకలి, చలి ఒక్కొక్కటే విడదీసుకోవడం, నిప్పు వెచ్చగా ఉందని చెయ్యి పెట్టి కాల్చుకోవడం లాక్ చెప్పిన క్రమమే. భర్త పెర్సీ షెల్లీ రాసిన సమీక్ష ఆయన పోయాక 1832లో అచ్చయింది. మనిషిని చెడ్డగా చూస్తే చెడ్డవాడే అవుతాడని, నవల నీతి ఇదేనని అందులో తేల్చాడు. పట్టిక ఇక్కడిదాకా ఆయన పక్షమే. 16వ అధ్యాయం దగ్గర ఆ తీర్పు చాలదు.

## దశ 4: 16వ అధ్యాయాన్ని వరస తప్పకుండా రాయడం

హానిని ఒక గుంపుగా, మేలును ఒక గుంపుగా వేరుచేసి పేర్చిన పట్టిక అబద్ధం చెబుతుంది. ముందు మంచివాడు, తిరస్కారం తర్వాత చెడ్డవాడు అన్న తిన్నని గీత కనిపిస్తుంది. ప్రాణి చెప్పిన వరసలో పెడితే:

1. మనుషుల మీద శాశ్వత యుద్ధం ప్రకటిస్తాడు.
2. ఖాళీ ఇల్లు తగలబెడతాడు.
3. జెనీవా వైపు నడుస్తాడు. వసంతం వస్తుంది, చచ్చిపోయిందనుకున్న మెత్తదనం మళ్లీ కదులుతుంది.
4. ఏట్లో పడ్డ అమ్మాయిని కాపాడతాడు.
5. కూడా ఉన్న మనిషి తుపాకీతో కాలుస్తాడు.
6. మళ్లీ పగ శపథం.
7. విలియం కనిపిస్తాడు. ఎత్తుకుపోయి పెంచుకుందామనుకుంటాడు.
8. విలియం మరణం.
9. జస్టీన్.

ఇల్లు తగలబెట్టింది ముందు, అమ్మాయిని కాపాడింది తర్వాత. యుద్ధం ప్రకటించినవాడి చెయ్యి, మనిషి పిల్ల మునిగిపోతుంటే ఆగలేదు. అంటే తిరస్కారం అతన్ని ఒక్క దెబ్బతో మరోలా మార్చేయలేదు. ఇంకో రకంగా ఉండగల శక్తి అతనిలో మిగిలే ఉంది. ఇది అతనికి అనుకూల సాక్ష్యం, అతని మీద ఆరోపణకూ ఇదే సాక్ష్యం. మంచి చేయగల శక్తి ఉన్నవాడినే చెడు ఎందుకు చేశావని అడగగలం.

7వ అంశం దగ్గర నిదానంగా చదవండి. అందవికారాన్ని చూసి భయపడటం పసివాడికి ఇంకా అలవాటై ఉండదని ప్రాణి లెక్క. మొక్కగా ఉండగానే వంచుకోవచ్చని. కానీ విలియం అప్పటికే నేర్చుకున్నాడు: నన్ను తినేస్తావు, నువ్వు మనుషుల్ని తినే రాక్షసుడివి అని అరుస్తాడు. ఆ మాట పిల్లాడికి కథల్లోంచి తప్ప ఇంకెక్కడి నుంచి వస్తుంది? విలియం వరుసలో ఆ భయాన్ని ‘చదువు’ కింద వేశాం. తండ్రి పేరు ఫ్రాంకెన్‌స్టైన్ అని బెదిరించిన క్షణంలోనే ప్రాణి మనసు పగకు తిరుగుతుంది.

పుట్టుక, పెంపకాల పక్కన ఇక్కడే మూడో కాలమ్ పుట్టింది: ఎంచుకున్నది. అవును అని రాయాలంటే మూడు ప్రశ్నలకూ పాఠంలో ఆధారం ఉండాలి.

1. వేరే దారి ఉందని అతనికి తెలుసా?
2. ఆ దారి పట్టే వీలుందా?
3. తానే నిర్ణయించుకున్నట్టు చెప్పాడా?

విలియం వరుసలో ఇది పూర్తిగా తేలదు. నువ్వే నా మొదటి బలి అంటాడు, వెంటనే నోరు మూయించడానికి గొంతు పట్టుకున్నానంటాడు. పిల్లాడు చనిపోయాక పొంగిన విజయగర్వం మాత్రం దాచడు. జస్టీన్ వరుసలో మూడింటికీ అవునే. ఆమె నిద్రలో ఉంది, అరవలేదు, కొట్టలేదు, అతన్ని చూడనైనా లేదు. ఫీలిక్స్ పాఠాల వల్ల, మనుషుల నెత్తుటి చట్టాల వల్ల కీడు చేయడం నేర్చానని అతనే అంటాడు. అందుకే మా లెక్కలో ప్రాణి చేసిన పనులన్నిటిలో బరువైనది దశ 2 పట్టికలోని 8వ వరుస, చేతికి రక్తం అంటని వరుస. ఆదరణ లేని చదువు ఏం చేయగలదో కూడా అక్కడే కనిపిస్తుంది.

## దశ 5: ఇది ఎవరి నోటి మాట?

చిన్న కాలమ్, కానీ వదలకూడదు. ప్రాణి విక్టర్‌కు చెప్పాడు, విక్టర్ వాల్టన్‌కు చెప్పాడు, వాల్టన్ అక్కకు రాశాడు. పైగా వాల్టన్ రాసుకున్న కాగితాలను విక్టర్ అడిగి తీసుకుని, దిద్ది, చేర్పులు కూడా చేశాడు (24). కాబట్టి ప్రతి వరుసకూ వాంగ్మూలం ఎన్ని చేతులు మారిందో అంకె వేయండి. 11 నుంచి 16 దాకా అధ్యాయాలకు 3. చివర్లో ఓడలో ప్రాణి వాల్టన్‌తో నేరుగా మాట్లాడిన భాగానికి 1. 11 నుంచి 16 దాకా అధ్యాయాలకు బయటి ఆధారం ఒక్కటే: ఫీలిక్స్, సఫీల ఉత్తరాల నకళ్లు. వాటిని వాల్టన్ కళ్లారా చూశాడు.

## దశ 6: విక్టర్ వరుసలు

1. ప్రాణం పోసిన రాత్రే గదిలోంచి పారిపోయాడు (5)
2. మర్నాడు గది ఖాళీగా కనిపిస్తే చప్పట్లు కొట్టి సంతోషించాడు, వెతకలేదు (5)
3. హంతకుడెవరో తెలిసీ జస్టీన్ విచారణలో నోరు విప్పలేదు (8)
4. ప్రాణి అడిగిన ఆడ తోడును తయారుచేస్తానని మాటిచ్చాడు (17)
5. ఓర్క్నీ దీవుల్లో ఆ తోడును సగంలో చింపేశాడు (20)
6. తన రహస్యాన్ని పెళ్లైన మర్నాడు చెబుతానని ఎలిజబెత్‌తో వాయిదా వేశాడు (22)
7. చనిపోయే ముందు తన గతాన్ని తరచి చూసి, తన తప్పేమీ కనిపించలేదన్నాడు (24)

ఇప్పటికి మొత్తం: 22 వరుసలు.

ఎంచుకున్నదా అన్న మూడు ప్రశ్నలూ ఇక్కడ కూడా అడగాలి. 1వ వరుసలో భయం ఉంది, కొంత తగ్గించి చూడొచ్చు. 2వ దానిలో ఆ వెసులుబాటు లేదు. 3వ దానికి అతను చెప్పే సాకు, పిచ్చివాడి మాటలనుకుంటారని. ఎలిజబెత్ హత్య తర్వాత ఇదే కథను జెనీవా న్యాయాధికారికి చెప్పాడు (23). చెప్పగలిగే మాటే, చెప్పాల్సిన వేళ చెప్పలేదు.

5వ వరుస మీద చర్చ ఎక్కువ జరుగుతుంది, జరగనివ్వండి. తోడును చింపడానికి విక్టర్ చెప్పిన కారణాల్లో ఒకటి: ఆమె కూడా ఆలోచించగల జీవి అవుతుంది, తను పుట్టకముందు జరిగిన ఒప్పందానికి కట్టుబడకపోవచ్చు. ఇంకా ప్రాణం పోసుకోని ఆడజీవికి సొంత ఇష్టం ఉంటుందని ఊహించగలిగిన మనిషి, ఎదురుగా నిలబడి వాదించిన ప్రాణికి ఆ గౌరవం ఇవ్వలేదు. చెడును అతని రూపంలోనే చదివాడు. మంచు కొండ మీద అతని మాటలు విన్నప్పుడు మాత్రం, సృష్టించినవాడికీ బాధ్యతలుంటాయని మొదటిసారి తోచిందని ఒప్పుకున్నాడు (10).

ఈ దశలో అనుకోకుండా తేలింది ఒకటి. నింద ఎవరు మోస్తున్నారో చూస్తే, తప్పుకూ దానికీ పొత్తు లేదు. ఎలిజబెత్ పతకం పిల్లాడికి ఇచ్చిన పాపానికి నేనే చంపానని ఏడుస్తుంది (7). జస్టీన్ మతగురువు బెదిరింపుకు లొంగి చేయని నేరం ఒప్పుకుంటుంది (8). విక్టర్ కథ పొడుగునా నేనే హంతకుణ్ణని వాపోతాడు, చివరి లెక్కలో మాత్రం తనను తాను విడుదల చేసుకుంటాడు.

## దశ 7: 1831 మార్పులకు విడి షీటు

1. ఎలిజబెత్ పుట్టుక. నలుగురు నల్లకళ్ల పిల్లల మధ్య బంగారు జుట్టుతో వేరే జాతి పిల్లలా కనిపిస్తుంది. మిలాన్ కులీనుడి కూతురని తర్వాత తెలుస్తుంది (1). ఇక్కడ నవల పుట్టుక వైపు వంగింది.
2. విధి బలమైనది, దాని శాసనం నా నాశనం అని విక్టర్ అనే మాట (2).
3. ప్రొఫెసర్ వాల్డ్‌మన్ ఉపన్యాసం విధి పలికిన మాటలన్న చేర్పు (3).
4. జస్టీన్ మీద వంగి ప్రాణి అనే మాటలు: ఆమె ఇవ్వగలిగినదంతా నాకు దక్కదు గనక చేశాను, నేరానికి మూలం ఆమే, శిక్షా ఆమెదే (16).

1831లో మేరీ షెల్లీ బాధ్యతను విధి మీదికి నెట్టేశారని చాలా చోట్ల రాస్తారు. 2, 3 చూస్తే అలాగే ఉంటుంది. అయితే ఆ రెండూ విక్టర్ మాటలు. వాటిని ‘కారణం’ గడిలో వేయకూడదు, ‘చెప్పుకున్న కారణం’ గడిలో వేయాలి. 4 చూస్తే ప్రాణి బాధ్యత తగ్గలేదు, పెరిగింది. ఒక్క మాటలో తేల్చేయకుండా నాలుగూ నాలుగు వరుసలుగా ఉంచండి.

## దశ 8: చూశారా, విన్నారా?

చివరగా చేర్చిన కాలమ్ ఇది. ప్రాణిని కలిసినవాళ్లు ముందు చూశారా, ముందు విన్నారా? ఫీలిక్స్ తండ్రి డి లేసీ గుడ్డివాడు, ముందు విన్నాడు, దయగా మాట్లాడాడు (15). విక్టర్ వింటున్నంతసేపూ కరిగాడు, తలెత్తి చూడగానే అసహ్యం తిరిగొచ్చింది (17). వాల్టన్ తనకు తెలియకుండానే కళ్లు మూసుకుని, తన కర్తవ్యం ఏమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు (24). ఫీలిక్స్, విలియం, తుపాకీ మనిషి చూశారు, వినలేదు.

ఇది విక్టర్ చదువుకునే రోజుల నుంచే ఉంది. ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ క్రెంప్ పొట్టిగా, ముఖం బాగోకుండా ఉన్నాడని ఆయన చెప్పే శాస్త్రమే రుచించలేదు. వాల్డ్‌మన్ గొంతు తీయగా ఉంది, ఆయన దారి నచ్చింది (3). ప్రాణి పుట్టడానికి రెండు అధ్యాయాల ముందే ఈ అలవాటు పాఠంలో నమోదైంది.

## మిగిలిన వరుస

23వ వరుసలో ఒకే వాక్యం. విక్టర్ శవం పక్కన నిలబడి ప్రాణి వాల్టన్‌తో అన్నది (24): అంతదాకా నెట్టబడ్డాక, నేను ఇష్టపడి ఎంచుకున్న వాతావరణానికి నా స్వభావాన్ని సర్దుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది. నెట్టబడటం, ఎంచుకోవడం, స్వభావం మూడూ ఒకే ఊపిరిలో. అదే ప్రసంగంలో, అసహ్యించుకుంటూనే కాదనలేని ఉద్రేకానికి బానిసనన్నాడు. నేనొక్కణ్ణేనా నేరస్తుణ్ణి, మనుషులంతా నాకు చేసిన అన్యాయం మాటేమిటని కూడా అడిగాడు.

ఈ వరుసను మూడు కాలమ్‌లలోనూ నింపాం. వాంగ్మూలం అంకె 1, విక్టర్ చెయ్యి పడని మాట. బృందంగా చేసేవాళ్లు ఈ వరుసను చర్చకు ముందు ఒకసారి, 8వ వరుస (జస్టీన్) పూర్తయ్యాక ఒకసారి, విడివిడిగా నింపి తేదీ వేసుకోండి. పాత గడిని చెరపవద్దు, పక్కన కొత్త గడి తెరవండి.